పాత సిలిండర్ హెడ్డు కొనొచ్చా? ఇంజిన్ పనికి ముందు తెలుసుకోవాల్సినవి

దుత్తలూరు: ట్రాక్టర్ ఇంజిన్ విప్పి షెడ్డులో గోనెపట్టా మీద పరిచాక మెకానిక్ నోట్లోంచి వచ్చే మాటల్లో ఇంటివాళ్ళు ఎక్కువగా భయపడేది ఒకటుంది. "హెడ్డు పోయింది భాయ్." పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చాలనే లెక్కతోనే వచ్చి ఉంటారు. హెడ్డు ఆ లెక్కలో ఉండదు. కొత్తది తేవాలంటే అనుకున్న డబ్బు చాలదు. అప్పుడే పక్కనున్న ఎవరో ఒకరు అంటారు, "నెల్లూరులో పాతది దొరుకుతుంది, సగం రేటుకే వస్తుంది కదా" అని.

పాతది కొనడం తప్పేమీ కాదు. చాలా సందర్భాల్లో అదే సరైన పని కూడా. కానీ రేటు అడిగే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది: ఆ హెడ్డు తన ఇంజిన్ నుంచి ఎందుకు బయటికొచ్చింది? దీనికి జవాబు దొరక్కుండా డబ్బులిస్తే ఇంకొకరి ఇంట్లో వచ్చిన నష్టాన్ని మనం కొని తెచ్చుకున్నట్టే.

మన వైపు హెడ్లు ఎందుకు పోతాయి

సిలిండర్ హెడ్డు అంటే ఇంజిన్ బ్లాకు పైన మూతలా కూర్చునే పెద్ద లోహపు దిమ్మ. గాలి లోపలికి వచ్చే వాల్వులు, పొగ బయటికి పోయే వాల్వులు, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ దాంట్లోనే ఉంటాయి. ఇంజిన్‌లో మంట మండేది సరిగ్గా దీని కిందే. ఆ వేడిని తీసుకెళ్ళడానికి దిమ్మ లోపల నీళ్ళ దారులుంటాయి. పాత ట్రాక్టర్లు, లారీలు, పొలంలో వాడే ఆయిల్ ఇంజిన్ల హెడ్లు ఎక్కువగా పోత ఇనుముతో చేసినవి. కార్లు, చిన్న వ్యాన్లలో అల్యూమినియం ఎక్కువ. కొన్ని ఇంజిన్లలో అన్ని సిలిండర్లకూ కలిపి ఒకటే హెడ్డు ఉంటుంది, కొన్నింటిలో ఒక్కో సిలిండర్‌కి ఒక్కోటి. ఒక్కోటి ఉంటే ఖర్చు తక్కువ, చెడిపోయిన దాన్ని మాత్రమే మార్చుకోవచ్చు.

ఉదయగిరి, వరికుంటపాడు, మర్రిపాడు వైపు బోరు నీళ్ళ సంగతి మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ గొడవ ఈ మెట్ట ప్రాంతానికి పాతదే. తాగే నీళ్ళ గురించి అందరం మాట్లాడతాం గానీ, అవే నీళ్ళు బిందెతో రేడియేటర్‌లో పోస్తాం. ఉప్పు ఎక్కువున్న గట్టి నీళ్ళు కాగే కొద్దీ హెడ్డు లోపలి దారుల్లో తెల్లటి పెచ్చు కడుతుంది, టీ కాచే గిన్నె అడుగున కట్టినట్టే. పెచ్చు కట్టిన చోట ఇనుములోని వేడి నీళ్ళలోకి దిగదు. మీటర్ మామూలుగానే చూపిస్తూ ఉంటుంది, లోపల వాల్వుల మధ్య సన్నటి చోటు మాత్రం మాడిపోతుంది. అక్కడే పగులు మొదలవుతుంది.

దీనికి తోడు ఇంకో అలవాటు. ఇంజిన్ వేడెక్కుతోందంటే థర్మోస్టాట్ వాల్వు పీకి పారేస్తారు. కొన్ని రోజులు బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. అసలు రోగం పెచ్చులోనో, రేడియేటర్‌లోనో, వాటర్ పంపులోనో ఉంటుంది. అది అలాగే ఉండిపోతుంది, పైగా ఇంజిన్ కావాల్సిన వేడికి రాకుండా నడిచి ఇంకా అరుగుతుంది. హెడ్డు కొత్తదైనా పాతదైనా ఈ కారణాన్ని సరిచేయకుండా బిగిస్తే దాని గతీ అంతే. కాబట్టి హెడ్డు కోసం బయల్దేరే ముందు రేడియేటర్ విప్పించి కడిగించండి, వాటర్ పంపు చూపించండి. ఆ ఖర్చు కూడా ఈ పని లెక్కలోదే.

మీ హెడ్డు నిజంగా పోయిందా?

పాతది కొనాలా కొత్తది కొనాలా అని వాదించుకునే ముందు మూడో దారి ఉందని మర్చిపోతుంటాం. మన హెడ్డునే బాగుచేయించడం. హెడ్డు వంగితే లేత్ వర్క్‌షాపులో ఫేసింగ్ కొట్టి చదును చేస్తారు. వాల్వు సీట్లు అరిగితే కొత్త సీట్లు వేసి కట్ చేస్తారు. గైడ్లు మార్చొచ్చు. ఇంజెక్టర్ చుట్టూ నీళ్ళు కారుతుంటే చాలా ఇంజిన్లలో అక్కడుండే రాగి స్లీవ్ మారిస్తే సరిపోతుంది. ఇవేవీ హెడ్డు "పోయినట్టు" కాదు.

పగులు వస్తే మాత్రం జాగ్రత్తగా ఆలోచించాలి. పోత ఇనుమును వెల్డింగ్ చేయొచ్చు, కానీ దిమ్మ మొత్తాన్ని ముందు బాగా వేడిచేసి, తర్వాత నెమ్మదిగా చల్లార్చాలి. రోడ్డు పక్కన మామూలు రాడ్డుతో అంటిస్తే చల్లారేటప్పుడు పక్కనే ఇంకో పగులు వస్తుంది. మంట తగలని చోట, అంటే బయటి నీళ్ళ గోడకి వచ్చిన పగులును పిన్నులు కొట్టి కుట్టే పద్ధతి కూడా ఉంది. వాల్వుల మధ్య వచ్చి నీళ్ళ దారిలోకి దిగిన పగులైతే ఆ హెడ్డు మీద ఆశ వదులుకోవడమే మంచిది.

ఒక్క మాట. "పోయింది" అన్న మీ హెడ్డును అదే రోజు కిలోల లెక్కన అమ్మేయకండి. తెచ్చిన హెడ్డు బిగించి ఇంజిన్ పని చేసేదాకా పాతది ఇంట్లోనే ఉండాలి. కొలతలు సరిచూసుకోవడానికి అదే ఆధారం. కొన్నిసార్లు తెచ్చినదాని కన్నా అదే నయమని తేలుతుంది.

పాత హెడ్లు ఎక్కడి నుంచి వస్తాయి

మన వాళ్ళు ముందు వెళ్ళేది నెల్లూరు. అక్కడ దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్, లేదంటే చెన్నై ఎగ్మోర్ దగ్గరున్న పుదుపేట. పాత బండ్లను ముక్కలుగా విప్పి అమ్మడంలో పుదుపేటకి పెద్ద పేరు. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. బస్సు చార్జీలు, బరువు మోసే ఖర్చు, ఒక రోజు పని పోవడం అన్నీ కలుపుకునే బయల్దేరాలి.

ఈ అంగళ్ళలో దొరికే హెడ్లకి మూడు రకాల చరిత్ర ఉంటుంది. మొదటిది, ప్రమాదంలో నుజ్జయిన బండిది, లేదా వయసైపోయి తుక్కుకి వచ్చిన బండిది. ఇంజిన్ నడుస్తుండగానే బండి ఆగిపోయింది కాబట్టి ఇది అన్నిటికన్నా మంచిది. రెండోది, కింద క్రాంకు విరిగిన ఇంజిన్‌దో, కనెక్టింగ్ రాడ్ బ్లాకును పగలగొట్టి బయటికొచ్చిన ఇంజిన్‌దో. పిస్టన్ పైకి కొట్టుకుని వాల్వులు వంగి ఉండొచ్చు, అయినా దిమ్మ బాగుండే అవకాశం ఉంది. మూడోది వేడెక్కి ఆగిపోయిన ఇంజిన్‌ది. మీరు వదిలించుకుంటున్న హెడ్డు ఏదైతే ఉందో, ఇది దాని తోబుట్టువు. అంగడి బల్ల మీద మూడూ ఒకేలా కనిపిస్తాయి. వీలైతే బండి మీద నుంచో, విప్పని ఇంజిన్ మీద నుంచో మీ ముందే దించే హెడ్డు తీసుకోండి. రెండు వేలు ఎక్కువైనా సరే.

అంగట్లో మీ చేతులతో చేయగలిగే పరీక్షలు

రంగు వేసిన హెడ్డును నమ్మొద్దు. ఇనుముకి నల్ల రంగు, అల్యూమినియానికి వెండి రంగు కొట్టి వరసగా పెడతారు. శుభ్రంగా కనిపించడానికే అలా చేసేవాళ్ళు ఉంటారు, పగులు మీద రాసిన ముద్దను కప్పడానికి చేసేవాళ్ళూ ఉంటారు. మసి, జిడ్డు పట్టిన హెడ్డే నిజం చెబుతుంది. నాలుగు సిలిండర్ల మంట గదుల్లో మసి ఒకే రంగులో ఉండాలి. మూడు నల్లగా ఉండి ఒకటి మాత్రం కడిగినట్టు మెరుస్తుంటే అక్కడికి నీళ్ళు దిగాయని అర్థం. గాస్కెట్ కూర్చునే మొహం మీద రెండు సిలిండర్ల మధ్య కాలిన చార ఉంటే అటు నుంచి ఇటు మంట దూకిందన్నమాట.

నీళ్ళ రంధ్రాల్లోకి టార్చి వేసి చూడండి. తెల్లటి పెచ్చు మందంగా ఉంటే ఆ హెడ్డు ఎలాంటి నీళ్ళు తాగిందో తెలిసిపోతుంది. అల్యూమినియం అయితే రంధ్రాల అంచులు తినేసినట్టు గుంటలు పడి ఉంటాయి, ఆ గుంట గాస్కెట్ రింగు కిందికి వస్తే పనికిరాదు. బోల్టులు బిగించే మరలు, ముఖ్యంగా ఇంజెక్టర్ దగ్గరివి, వేలితో తడిమి చూడండి.

తర్వాత వంకర. పొడుగాటి ఉక్కు స్ట్రెయిట్ ఎడ్జ్‌ని హెడ్డు మొహం మీద నిలువుగా, అడ్డంగా, రెండు మూలల నుంచీ ఐమూలగా పెట్టి, సందులోకి ఫీలర్ గేజ్ దూర్చి చూడాలి. ఎంతవరకు ఓర్చుకోవచ్చో ఒక్కో ఇంజిన్ పుస్తకంలో ఒక్కోలా ఉంటుంది. మామూలుగా 0.05 మిల్లీమీటర్ల ఆకు దూరకపోతే సంతోషించాలి, 0.10 దాటితే ఫేసింగ్ తప్పదు. ఈ రెండు సామాన్లు మెకానిక్ దగ్గర అడిగి సంచిలో పెట్టుకెళ్ళండి. అంగడివాళ్ళు ఇవ్వరని కాదు, మనవి మన దగ్గరుంటే బేరం వేరేలా నడుస్తుంది.

ఇంతకుముందే ఎన్నిసార్లు ఫేసింగ్ కొట్టారో కూడా చూడాలి. హెడ్డు మందం కొలిచి మీ పాత దానితోనో, ఇంజిన్ పుస్తకంలో ఇచ్చిన కనీస మందంతోనో పోల్చండి. మన డీజిల్ ఇంజిన్లలో చాలావాటికి మంట గుంట పిస్టన్‌లో ఉంటుంది, హెడ్డు మొహం చదునుగా ఉంటుంది. అలాంటి దాన్ని ఎక్కువ కోస్తే వాల్వులు కిందికి వచ్చి పిస్టన్‌కి తగిలే ప్రమాదం ఉంది, ఇంజెక్టర్ మూతి కూడా ఎక్కువ దిగుతుంది. పెట్రోల్ ఇంజిన్లలో గుంట హెడ్డులోనే ఉంటుంది కాబట్టి కోసిన కొద్దీ కంప్రెషన్ పెరిగి నాకింగ్ వస్తుంది. దీనికి వ్యతిరేకం కూడా జరుగుతుంది. సీట్లు పదే పదే రుద్దిన హెడ్డులో వాల్వులు లోతుకి దిగిపోతాయి, అలాంటి ఇంజిన్ పొద్దున్నే స్టార్ట్ అవడానికి తెల్లపొగ కక్కుతూ సతాయిస్తుంది.

వాల్వును కొంచెం పైకి లేపి అటూ ఇటూ ఊపండి. బాగా ఊగితే గైడ్లు అరిగినట్టు. క్యామ్ షాఫ్ట్ హెడ్డులోనే తిరిగే ఇంజిన్లయితే క్యామ్ కూర్చునే బేరింగ్ చోట్లు గీతలు పడకుండా ఉండాలి. అవి అరిగితే మామూలు లేత్ వాళ్ళు బాగుచేయలేరు.

కిరోసిన్ లేదా డీజిల్ పూసి, కాసేపాగి శుభ్రంగా తుడిచి, సుద్దపొడి రుద్దే పాత పద్ధతి ఒకటుంది. పగుల్లోకి దిగిన నూనె మళ్ళీ ఊరి సుద్ద మీద గీతలా కనిపిస్తుంది. ఇది పగుళ్ళన్నీ పట్టదు. పట్టినదాన్ని మాత్రం కొనక్కర్లేదు.

డబ్బులిచ్చే ముందు ప్రెషర్ టెస్ట్

కంటికి కనపడని పగులును పట్టే పరీక్ష ఇది. లేత్ వర్క్‌షాపులో హెడ్డు నీళ్ళ రంధ్రాలను రబ్బరు షీటు, ఇనుప పలకతో మూసి, ఒక రంధ్రం నుంచి గాలి ఎక్కించి, వేడినీళ్ళ తొట్టిలో ముంచుతారు. బుడగలు వచ్చిన చోట పగులు ఉంది. నీళ్ళు వేడిగానే ఎందుకుండాలంటే చల్లగా ఉన్నప్పుడు పగులు మూసుకుపోయి ఉంటుంది, సుమారు 80 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. పోత ఇనుముకి అయస్కాంతం, ఇనుపపొడితో చేసే పరీక్ష కూడా ఉంది. అల్యూమినియానికి అయస్కాంతం పట్టదు కాబట్టి ఎర్రటి రంగు ద్రవం చల్లి చూస్తారు. అల్యూమినియం హెడ్డు ఒకసారి బాగా వేడెక్కితే పగలకపోయినా మెత్తబడిపోతుంది. తర్వాత ఎంత బిగించినా గాస్కెట్ నిలవదు. గట్టిదనం కొలిచే మెషిన్ పెద్ద వర్క్‌షాపుల్లోనే ఉంటుంది.

మా మామూ ఈ టెస్ట్ చేయించకుండానే ఒక హెడ్డు తెచ్చారు. ఏ ఊరో, ఏ అంగడో ఇక్కడ అనవసరం. ఆత్మకూరులో దించేసరికి రాత్రయింది, మర్నాడు బిగించేశారు. మూడో రోజు సైలెన్సర్‌లోంచి ఆవిరి. మళ్ళీ విప్పితే ఇంజెక్టర్ పక్కన గోరు మందం పగులు. గాస్కెట్ ఒకసారి నలిగితే మళ్ళీ పనికిరాదు, ఆయిల్‌లో నీళ్ళు కలిశాయి కాబట్టి అదీ పోయింది, కూలీ రెండోసారి. అంగడాయన ఫోన్‌లో అన్న మాట ఒకటే, "చూసుకునే కదా తీసుకెళ్ళారు." ఆయన అబద్ధం చెప్పాడని నేను అనను. మనం ఏమీ అడగలేదు, ఆయన ఏమీ చెప్పలేదు.

కాబట్టి బేరం ఇలా మాట్లాడండి: "అడ్వాన్స్ ఇస్తాం, టెస్ట్ మా ఖర్చుతో చేయిస్తాం, పాసైతే మిగతాది ఇస్తాం, ఫెయిలైతే అడ్వాన్స్ వాపసు." ఒప్పుకునే అంగళ్ళు ఉన్నాయి. ఒప్పుకోని చోట పక్క అంగడి ఎలాగూ ఉంటుంది.

జత కుదరాలి

అదే కంపెనీ, అదే మోడల్ అయినా ఏడాది మారితే హెడ్డు మారొచ్చు. పొగ నిబంధనలు మారినప్పుడల్లా, బీఎస్-4 దేశమంతా వచ్చిన 2017 ఏప్రిల్, బీఎస్-6 వచ్చిన 2020 ఏప్రిల్ లాంటప్పుడు, బండ్ల ఇంజిన్లలో ఇంజెక్టర్ చోటు, పొగ దారులు మారాయి. పోతలోనే అచ్చయిన నంబరు హెడ్డు మీద ఉంటుంది, మీ దానిమీది నంబరును ఫోన్‌లో ఫొటో తీసుకెళ్ళండి. అంతకన్నా సులువైన పని ఇంకోటి: మీ ఇంజిన్‌కి సరిపోయే గాస్కెట్ కొని వెంట తీసుకెళ్ళి, అంగట్లో ఆ హెడ్డు మీద పరిచి చూడండి. నీళ్ళ రంధ్రాలు, ఆయిల్ రంధ్రం, పుష్ రాడ్ల రంధ్రాలు, బోల్టులు అన్నీ ఎదురెదురుగా వస్తే సగం దిగులు పోయినట్టే.

లెక్క

నేను చదివింది కామర్స్ కాబట్టి ఇది రాయకుండా ఉండలేను. కింది అంకెలు మార్కెట్ రేట్లు కావు, లెక్క ఎలా వేయాలో చెప్పడానికి అనుకున్నవి. కొత్త హెడ్డు 18,000, పాతది 7,000 అనుకుందాం. తేడా 11,000 అనిపిస్తుంది. ఇప్పుడు పాతదానికి టెస్ట్ 1,000, ఫేసింగ్ 1,200, సీట్లు గైడ్ల పని 3,000, వాల్వులు 2,000, ప్రయాణం, మోత 1,500 కలపండి. 15,700 అయింది. తేడా 2,300కి దిగింది. ఆ 2,300 కోసం దుక్కుల రోజుల్లో ట్రాక్టర్ వారం ఆగిపోయే ప్రమాదం తీసుకోవాలా అనేది అసలు ప్రశ్న. అయితే కొత్తదాన్ని కూడా జాగ్రత్తగా అడగాలి. ఖాళీ హెడ్డు వేరు, వాల్వులు, స్ప్రింగులతో బిగించి వచ్చేది వేరు. ఖాళీదైతే వాల్వుల డబ్బు దానికీ కలపాలి.

2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో విడిభాగాల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పాత రేటు గుర్తుపెట్టుకుని "కొత్తది కొనలేం" అనుకుంటున్నవాళ్ళు ఇంకోసారి అడగడం మంచిది. ఇంకో సంగతి, కొత్తదని అట్టపెట్టెలో పెట్టి అమ్మే నకిలీ కన్నా, కంపెనీ పోత పోసిన మంచి పాత హెడ్డే నయం. ఈ విషయంలో పాత మెకానిక్‌లు చెప్పేదాంతో నేను ఏకీభవిస్తాను.

వడ్డీ అప్పు వద్దనుకుని చేతిలో ఉన్న నగదుతోనే పని కానిచ్చే ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. అలాంటివాళ్ళకి పాత హెడ్డు ఎంపిక కాదు, అవసరం. అప్పుడైనా టెస్ట్ డబ్బు పక్కన పెట్టుకుని మిగతాదాంతో బేరమాడాలి. టెస్ట్ మానేసి మిగుల్చుకున్నది మిగులు కాదు.

బిల్లు, వాపసు, ఆర్‌సీ

చిన్న కాగితం మీదైనా సరే బిల్లు అడగండి: తేదీ, పోత నంబరు, "పగులు లేదు, ఇన్ని రోజుల్లో తేలితే వాపసు" అనే మాట. దొంగ సొత్తని తెలిసి, లేదా అనుమానించాల్సిన కారణం ఉండి కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం, కాబట్టి మరీ చవకగా, బిల్లు లేకుండా, రాత్రిపూట దొరికేదాని జోలికి పోవద్దు. ఇంజిన్ నంబరు బ్లాకు మీద ఉంటుంది. హెడ్డు మారిస్తే ఆర్‌సీలో ఏమీ మార్చక్కర్లేదు, హాఫ్ ఇంజిన్ తెచ్చి బ్లాకు మారిస్తే మాత్రం ఆర్‌టీఓ దగ్గర నమోదు చేయించాలి.

లోపం దాచి అమ్మితే వినియోగదారుల రక్షణ చట్టం 2019 మనకు పనికొస్తుంది. వ్యాపారం కోసం కొన్నవాళ్ళకి ఈ చట్టం వర్తించదని అంగడివాళ్ళు అంటారు. నిజమే, కానీ సొంతంగా నడుపుకుని బతికే బండి కోసం కొన్నదాన్ని చట్టం మినహాయించింది. రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయాలి, 5 లక్షల దాకా ఫీజు లేదు. ముందు 1915కి ఫోన్ చేయొచ్చు. చేతిలో బిల్లు లేకపోతే నిరూపించడం కష్టం. కొన్నాక దాచిన లోపం బయటపడితే తిప్పి ఇచ్చే హక్కు మన ఫిఖ్హ్‌లోనూ ఉంది, ఖియారె ఐబ్ అంటారు. అమ్మేవాడు మనవాడే అయితే ఆ మాట గుర్తుచేయడంలో మొహమాటం ఎందుకు?

ఎవరు కొనాలి, ఎవరు వద్దు

పోత ఇనుప హెడ్డు ఉన్న పాత ట్రాక్టర్, పాత లారీ, కిర్లోస్కర్ లాంటి సింగిల్ సిలిండర్ ఆయిల్ ఇంజిన్: టెస్ట్ పాసైతే పాతది నిశ్చింతగా కొనండి. కొత్త విడిభాగాలు రావడం ఆగిపోయిన మోడళ్ళకి వేరే దారి కూడా లేదు. అల్యూమినియం హెడ్డు, క్యామ్ పైనే ఉన్న కామన్ రైల్ డీజిల్ బండి: చరిత్ర తెలిసి, దించడం కళ్ళారా చూస్తే తప్ప వద్దు. రోజుకి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగే అద్దె బండికి కూడా నేనైతే కొత్తదే అంటాను, దారిలో ఆగితే పోయేది హెడ్డు డబ్బు ఒక్కటే కాదు.

తెచ్చాక బిగించేటప్పుడు టార్క్ రెంచ్ ఉన్న మెకానిక్‌నే చూసుకోండి. మధ్య బోల్టు నుంచి బయటికి, పుస్తకంలో చెప్పిన వరసలో, రెండు మూడు విడతలుగా బిగించాలి. సాగే రకం బోల్టులైతే పాతవి మళ్ళీ వాడకూడదు. కొన్ని ఇంజిన్లకి ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్ళీ బిగింపు చూడాలి, మీ దానికి అవసరమో కాదో పుస్తకంలో ఉంటుంది. రేడియేటర్‌లో బోరు నీళ్ళు మాత్రం పోయకండి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ డబ్బా మీద చెప్పిన పాళ్ళలో కలిపి పోసి, ఇంకో డబ్బా ట్రాక్టర్ టూల్ బాక్స్‌లోనే పెట్టుకోండి. పొలంలో నీళ్ళు తగ్గినప్పుడు చేతికి దొరికేది బోరు పైపే కదా.